మూడో తరగతి అభిమాని

ముత్యాలరేవు పట్నంలో సముద్రం ఎప్పటినుంచో ఉంది. ‘తుఫాన్ స్టార్’ జయకేతన్ స్మారక అభిమాన లోకం మాత్రం రెండేళ్ల కిందట కట్టారు. ఆ నటుడు పోయి ఐదేళ్లయింది. ఆయన పెళ్లి చేసుకోకుండా జీవితమంతా అభిమానులకే అంకితమిచ్చాడని అందరికీ తెలుసు. అందుచేత ఆయన వాడిన దువ్వెనలూ దుప్పట్లూ చొక్కాలూ కూడా అభిమానులకే చెందుతాయని పెద్దలు తీర్మానించి, సముద్రపు ఒడ్డునే వాటికొక భవనం కట్టించి, దాని ఆలనాపాలనా చూడ్డానికి తీర వినోద సమీకృత సంస్థను నెలకొల్పారు.

మొదటి ఏడాది చివర సంస్థ వారు ఒక సంఘం వేసి లెక్క తీయించారు. ఒక ఆదివారం సముద్రం దగ్గరికి ఇరవై వేల మంది వచ్చారు. అభిమాన లోకంలోకి పదకొండు మంది వచ్చారు. వాళ్లలో ఏడుగురు మరుగుదొడ్డి ఎక్కడని అడిగి వెళ్లిపోయారు. సంఘం దీన్ని నాలుగు నెలలు లోతుగా అధ్యయనం చేసి ఒక్క వాక్యంలో తేల్చింది: సముద్రం సందర్శకులను దారి మళ్లిస్తున్నది.

దారి మళ్లించేవాళ్లను అదుపులో పెట్టడం ఏ సంస్థకైనా విధి. రెండు కిలోమీటర్ల ఒడ్డు పొడుగునా నీలం రేకుల కంచె లేచింది. సముద్రం అభిమాన లోకంలో ఆరో గదిగా నమోదైంది. దాన్ని చూసుకోవడానికి సంయుక్త సంచాలకులు (అలలు) అనే పదవి పుట్టింది. ఇసుక మాత్రం వేరే శాఖ కింద ఉండిపోయింది. దానికోసం ఉత్తరప్రత్యుత్తరాలు నడుస్తున్నాయి.

ఇకనుంచి సముద్రం చూడాలంటే ముందు అభిమాన లోకం చూడాలి, చూశాక పరీక్ష రాయాలి. మొదటి తరగతి వచ్చినవాళ్లు మోకాలి లోతు వరకు నీళ్లలో దిగవచ్చు. రెండో తరగతి వాళ్లు ఇసుకలో నిలబడవచ్చు. మూడో తరగతి వాళ్లు అద్దాల కిటికీలోంచి పదకొండు నిమిషాలు చూడవచ్చు. తప్పినవాళ్లకు వరండాలో సముద్రం బొమ్మ ఉంటుంది, అది ఎంతసేపు చూసినా ఎవరూ ఏమీ అనరు.

ఈ ఏర్పాటుకి ‘రెండు రోజులు – ఒక హీరో – ఒక సముద్రం’ అని పేరు పెట్టి పత్రికల్లో ప్రకటన వేశారు. ఆ పత్రిక ఒకటి నల్లగొండ జిల్లా హాలియాలో రాపర్తి లింగమూర్తి కుట్టుమిషను మీదికి చేరింది.

లింగమూర్తి వయసు యాభై ఆరు. ఊళ్లో ఆయన్ని ‘కోతల లింగమూర్తి’ అంటారు. గుడ్డ కోస్తాడని కాదు. ముప్పై నాలుగేళ్ల కిందట నాగార్జునసాగర్ నీళ్లలో సినిమా షూటింగ్ జరిగితే, జయకేతన్ తొడుక్కున్న పసుపుపచ్చ చొక్కా తానే కుట్టానని ఆయన చెప్తుంటాడు. ఆ చొక్కా మామూలు చొక్కా కాదు. లాంచీ డ్రైవర్ వేషంలో ఉన్న జయకేతన్ రౌడీల వైపు తిరిగి కాలర్ పైకెత్తితే, దాని అడుగున నీలం రంగు మెరుస్తుంది. ఆ ఏడాది రాష్ట్రంలో మీసం మొలిచిన ప్రతివాడూ కాలర్ కింద నీలం గుడ్డ వేయించుకున్నాడు. అలాంటి చొక్కాని హాలియాలో కుట్టారంటే ఎవరు నమ్ముతారు? హాలియా వాళ్లు అసలే నమ్మరు.

నమ్మిన మనిషి ఒక్కతే, ఆయన భార్య అండాలు. ఆ మధ్యాహ్నం ఆ చొక్కాకి కాజాలు కుట్టింది ఆమే కాబట్టి ఆమెకు నమ్మక తప్పదు.

అది ఆషాఢం. పెళ్లిళ్లు లేవు, కుట్టుపనీ లేదు. లింగమూర్తి ప్రకటన చదివి వినిపించాడు.

“ఆ పచ్చ అంగి బొమ్మకు తొడిగి పెట్టిన్రంట అండాలూ. ఒక్కసారి చూసొస్తే ఇంక ఏ కోరిక లేదు నాకు.”

“నాకున్నది,” అంది అండాలు. “నేను సముద్రం చూడలే. సాగర్ డ్యామే చూపిచ్చి గిదే సముద్రం అన్నవ్ పెండ్లైన కొత్తల. పా, రెండు పనులు అయితయ్.”

అలా వాళ్లు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి విహారయాత్రకు బయల్దేరారు.

ముత్యాలరేవులో బస్సు దిగుతుంటేనే అలల హోరు వినిపించింది. అండాలు చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని ఆ చప్పుడు వైపు నాలుగడుగులు వేసింది. నీలం రేకుల కంచె అడ్డం వచ్చింది. కంచె మీద ‘సముద్రానికి దారి: అభిమానం ద్వారా’ అని రాసి బాణం గుర్తు వేశారు. బాణం వెంట పోతే అభిమాన లోకం గుమ్మం వచ్చింది. అక్కడ గైడు హిమజ చిరునవ్వుతో నిలబడి ఉంది.

హిమజ వాళ్లని గది తర్వాత గదికి తీసుకెళ్లింది. జయకేతన్ సగం తాగి వదిలిన కొబ్బరిబోండాం, జయకేతన్ కోపంలో విసిరిన చెప్పు, ఆ చెప్పు తగిలిన దర్శకుడి ఫొటో చూపించింది. నాలుగో గదిలోకి అడుగు పెట్టగానే లింగమూర్తి ఆగిపోయాడు.

గది మధ్యలో ఒక బొమ్మ. దానికి పసుపుపచ్చ చొక్కా. రంగు కాస్త వెలిసింది. ఎడమ జేబు ఒక నూలు వాసి కిందికి వాలింది. ఆ రోజు హాలియాలో కరెంటు పోతే మసకలో జేబు అతికించాడు. ముప్పై నాలుగేళ్లుగా ఆ వాలు తలుచుకుని ఆయన చాలాసార్లు నొచ్చుకున్నాడు. ఇప్పుడు దాన్ని చూస్తుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“నేను కుట్టిందే,” అన్నాడు మెల్లిగా.

హిమజకు వినిపించలేదు. ఆమె గోడమీది పలకను కంఠస్థంగా చెప్పేస్తోంది. “ఈ చొక్కాని ప్రఖ్యాత అంతర్జాతీయ డిజైనర్ ఒకరు ప్యారిస్‌లో ఆరు నెలలు పరిశోధన చేసి రూపొందించారండి. కాలర్ కింద నీలం ఉంది కదండీ, అది ఇసుకని తాకే సముద్రానికి, భూమిని తాకే ఆకాశానికి, అభిమానుల్ని తాకే తారగారి హృదయానికి సంకేతమండి.”

“సంకేతం కాదమ్మా. బట్ట తక్కువ వడ్డది.”

హిమజ చిరునవ్వు కొంచెం సడలింది. “ఏంటండీ?”

“మీటరుంబావు తెచ్చిండు సినిమోళ్ల మనిషి. పొడుగు చేతులు గావాలె, పెద్ద కాలర్ గావాలె అన్నడు. యాడికెల్లి వస్తది? సర్కారు బడి పిల్లల లాగులు కుట్టంగ మిగిలిన నీలం ముక్క ఉంటే కింద ఏసిన. గంతే.”

వెనక నిలబడ్డ అభిమానులు ఆయన వైపు, గుళ్లో చెప్పులు వేసుకొచ్చినవాణ్ని చూసినట్టు చూశారు. హిమజ గొంతు తగ్గించి, “బాబాయ్ గారూ, మీరు ఏమన్నా అనుకోండి గానీ పరీక్షలో మాత్రం పలక మీద ఉన్నట్టే రాయండి. పదో ప్రశ్న దీని మీదే వస్తుంది. అది తప్పితే ఎన్ని మార్కులొచ్చినా మూడో తరగతే,” అంది. పాపం, మంచి పిల్ల.

పదో ప్రశ్న నిజంగానే దాని మీదే వచ్చింది. కాలర్ కింది నీలం దేనికి సంకేతం? సముద్రం, ఆకాశం, హృదయం, పైవన్నీ. లింగమూర్తి పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఆయనకు అబద్ధం ఆడడం రాదని కాదు, కుట్టిచ్చే తేదీ గురించి ముప్పై ఏళ్లుగా ఊరందరికీ ఆడుతూనే ఉన్నాడు. కానీ ఆ చొక్కా పక్కగదిలోనే ఉంది. నాలుగు గడులూ కొట్టేసి, కింద ‘గుడ్డ చాలక’ అని రాశాడు.

ఫలితాలు వచ్చాయి. లింగమూర్తికి మూడో తరగతి. అండాలుకు ఇరవై అయిదుకి ఇరవై నాలుగు. మొదటి తరగతి, మెడలో బంగారు రంగు రిబ్బను.

“నీకెట్లొచ్చినయే?” అన్నాడు లింగమూర్తి.

“అన్నిట్లకు ‘పైవన్నీ’ పెట్టిన. సర్కారు కాయితంల గదే రైటైతది.”

రిబ్బన్ల ప్రకారం వరసలు విడదీశారు. అండాలుని నీళ్ల వరసలోకి రమ్మన్నారు. లింగమూర్తికి అద్దాల కిటికీ దారి చూపించారు. కిటికీ దగ్గర అప్పటికే ముప్పై మంది ఉన్నారు. అద్దానికి ఉప్పు పట్టి, అవతల ఏదో తెల్లగా కదులుతోందని మాత్రం తెలుస్తోంది. అది అల కావచ్చు, ఎవరి లుంగీ అయినా కావచ్చు.

అండాలు కదల్లేదు. “ముప్పై నాలుగేండ్లు ఒక్క మిషన్ కాడ కూసోని కుట్టినం. ఇప్పుడు సముద్రం ఎవలిది వాళ్లు చూడాల్నా? నేను పోను. పెద్దసారు ఎవలున్నరో పిలువున్రి.”

పెద్దసారు పాణిగ్రాహి గారు. సంయుక్త సంచాలకులు (అలలు) ఆయనే. ఆయన గదికి కిటికీ లేదు. విధి నిర్వహణలో పక్షపాతం రాకూడదని తాను ఇంతవరకు సముద్రాన్ని స్వయంగా చూడలేదని ఆయన వచ్చినవాళ్లందరికీ చెప్తారు. లింగమూర్తి చెప్పిందంతా కళ్లు మూసుకుని విన్నారు.

“సదరు చొక్కాను తామే కుట్టినట్లు తమరు క్లెయిము చేయుచున్నారు. రుజువు?”

“ఉన్నది సార్. ఆ దినం కాలర్‌ల ఏసేటి గట్టి గుడ్డ అయిపోయింది. షూటింగోళ్లు బయట జీపుల హారన్ కొడుతున్రు. మాకు పెండ్లయి మూణ్నెల్లు. పెండ్లి పత్రికలు మిగిలినయి దుకాణంల. ఒక పత్రిక కోసి కాలర్ల పెట్టి కుట్టిన. విప్పి చూడున్రి, అండ్లనే ఉంటది.”

పాణిగ్రాహి గారు కళ్లు తెరిచి నిబంధనల పుస్తకం తీశారు. “ప్రదర్శన వస్తువును దాని తయారీదారు తప్ప అన్యులు విప్పరాదు. పద్నాలుగో నిబంధన.”

“నేనే గద సార్ తయారు చేసింది.”

“ఆ సంగతి రుజువు కావలసి యున్నది.”

“విప్పితే రుజువైతది సార్.”

“రుజువైతే విప్పవచ్చును.” ఆయన పుస్తకం మూసి, ఎంతో సానుభూతితో అన్నారు, “చూడండి, మా సంస్థ తమకు వ్యతిరేకం కాదు. తమరు సరియైన వరుసలో రావడం లేదు. అంతే.”

లింగమూర్తి బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. ఊళ్లో అందరూ కోతల లింగమూర్తి అన్నా ఆయనకింత బాధ కలగలేదు. అక్కడ చొక్కా లేదు, మాటే ఉంది. ఇక్కడ చొక్కా ఉంది, అయినా మాట చెల్లలేదు. “పోదాం పా అండాలూ. బస్సు దొరికితే ఈయాల్నే పోదాం,” అన్నాడు.

అండాలు మెడలోని రిబ్బను వెనక అచ్చేసిన సౌకర్యాల పట్టీని అక్షరం అక్షరం కూడబలుక్కుంటోంది. మొదటి తరగతి అభిమానులకు మోకాలి లోతు నీళ్లు, ఒక కొబ్బరి ఉండ, ఇంకా తమకిష్టమైన ప్రదర్శన వస్తువును ఇరవై సెకన్లు ఆలింగనం చేసుకునే అవకాశం.

“విప్పొద్దన్నరు. కౌగిలిచ్చుకుంటే తప్పు లేదంట,” అంది.

నాలుగో గదిలో హిమజ గడియారం పట్టుకుని నిలబడింది. ఫొటో తీసేవాడు సిద్ధమయ్యాడు. అండాలు బొమ్మ మెడ చుట్టూ చేతులు వేసింది. మిగతా అభిమానులు చేసినట్టే కళ్లు మూసుకుంది కూడా. ముప్పై నాలుగేళ్లు కాజాలు కుట్టిన వేళ్లకు కళ్లతో పనిలేదు. కాలర్ కొసన తను వేసిన చేతికుట్టు దొరికింది, ముడి దొరికింది, గోటితో లాగితే దారం పుటుక్కున తెగింది. హిమజ “పదిహేడు” అంటుండగా అండాలు రెండు వేళ్ల మధ్య, పసుపు రాసిన అట్టముక్క ఒకటి బయటికొచ్చింది.

దాని మీద అక్షరాలు మాసినా చదవడానికి వీలుగానే ఉన్నాయి. ‘చి॥ల॥సౌ॥ అండాలు’ అని ఒక వరస. దాని కింద ‘వివాహ మహోత్సవము’ అని, తేదీ. పై సగంలో ఉండాల్సిన వరుడి పేరు లేదు. కాలర్ కొలతకి కోసినప్పుడే కత్తెరకు పోయింది.

పాణిగ్రాహి గారి గదిలో అత్యవసర సమావేశం జరిగింది. అట్టముక్కను వెండి పళ్లెంలో పెట్టారు. లింగమూర్తి ముఖం వెలిగిపోతోంది. “చెప్పిన గద సార్! అండాలంటే ఈమెనే. నా భార్య.”

“అండాలు అను నామధేయం ఈమెదే. ఆధార్ కార్డు సరిచూచితిమి. అందు సందేహం లేదు,” అన్నారు పాణిగ్రాహి గారు. “కాని వరుడు ఎవరు?”

“నేనే సార్.”

“పత్రికలో తమరి పేరు లేదు. ఒకరి దుస్తులలో దొరికిన పత్రము ఆ దుస్తుల యజమానికే చెందునని మా ఇరవై రెండో నిబంధన. ఇది జయకేతన్ గారి చొక్కా. కనుక ఇది జయకేతన్ గారి పెళ్లి పత్రిక.”

గదిలో ఉన్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. ఎవరో ముక్కు ఎగబీల్చారు.

“ఏం మాట్లాడుతున్రు సార్? ఆధార్‌ల నా పేరు లేదా? భర్త లింగమూర్తి అని!”

“ఆధార్ పన్నెండు సంవత్సరముల కిందటిది. పత్రిక ముప్పై నాలుగు సంవత్సరముల కిందటిది. ఏది ముందు?” పాణిగ్రాహి గారు లింగమూర్తి భుజం మీద చెయ్యి వేశారు. “తమరి వివాహాన్ని మేము కాదనుట లేదు. అది తదనంతర వివాహము. దాని మంచిచెడ్డలు మా సంస్థ పరిధిలోనికి రావు.”

అరగంటలో తీర్మానం టైపయింది. ఆజన్మ బ్రహ్మచారి అనుకున్న జయకేతన్ గారికి ఒక రహస్య ధర్మపత్ని ఉన్నట్లు ఆధారపూర్వకంగా కనుగొన్నామని, ఆ త్యాగమూర్తి పేరు అండాలు గారని, ఆమెను తారగారి వితంతువుగా గుర్తించి ఏటా వర్ధంతినాడు తెల్లచీరతో సత్కరిస్తామని మైకులో చదివారు. అభిమాన లోకం దద్దరిల్లిపోయింది. మగవాళ్లు గోడలకు తల కొట్టుకున్నారు. ఆడవాళ్లు ‘వదినమ్మా’ అంటూ పరుగెత్తుకొచ్చారు.

అండాలు పాణిగ్రాహి గారి బల్ల ముందుకు నడిచింది.

“నా మొగడు రాయి తీరు నా పక్కన నిలవడి ఉండంగ నన్ను ముండను చేస్తరయ్యా? తెల్లచీర పెడ్తరా? మీ కండ్లకు నేను గానొస్త, పత్రిక గానొస్తది, గీ మనిషి గానొస్తలేడా? మా అమ్మానాయినలు అప్పుజేసి పెండ్లి చేసింది మీ బొమ్మతోనా?”

పాణిగ్రాహి గారు తలవంచుకుని విన్నారు. ఆమె ముగించాక పక్కనున్న గుమాస్తాతో, “తీవ్రమైన శోకంలో ఉన్నారు. అది కూడా రికార్డు చేయండి,” అన్నారు.

అండాలు లింగమూర్తి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. అభిమానులు దండాలు పెడుతూ రెండువైపులా తప్పుకున్నారు. ఒకామె కొంగు పరిచింది. అండాలు దాన్ని తొక్కకుండా పక్కనుంచి పోయింది. నడక తిన్నగా నీళ్ల గేటు దగ్గర ఆగింది.

గేటు కాపలా అప్పలకొండ అనే ముసలాయన. మైకులో వచ్చిందంతా విన్నాడు. స్టూలు మీంచి లేచి వంగి నమస్కారం చేశాడు.

“మీకు అడ్డేటమ్మా, ఎల్లండి. మరీయనెవులమ్మా? మెడలో మూడో తరగతి రిబ్బనుంది కదా.”

“నా పెనిమిటి.”

అప్పలకొండ ఇబ్బందిగా రిజిస్టరు తిప్పి చూపించాడు. “ఇప్పుడే పైనుంచి ఫోన్లో రాయించీసారమ్మా. మీ పేరు కాడ భర్త గడిలో జయకేతన్ బాబుగారి పేరు నిండిపోనాది. దిద్దితే నా ఉద్దోగం ఎల్లిపోద్ది. ఇంకేటైనా సెప్పండి, రాసీసుకుంటాను. డ్రైవరో, వంటోడో. తారల ఇంటి మనుసులకి పనోళ్లని లోనికి ఒగ్గొచ్చమ్మా, రూలుంది.”

అండాలు లింగమూర్తి వైపు చూసింది. ఆయన తల దించుకుని ఉన్నాడు.

“టైలర్,” అంది.

“ఎవులికమ్మా?”

“లోపల పచ్చ అంగి ఉన్నది చూడు. అది కుట్టినోడు.”

“అలాగా! ముందే సెప్పొచ్చు కదమ్మా,” అన్నాడు అప్పలకొండ. ఆయన నిజమా అని అడగలేదు, రుజువు అడగలేదు, పుస్తకం తీయలేదు. పెన్సిలు నాలికకు అద్ది, ఒక్కొక్క అక్షరం ఒత్తి రాశాడు. రాపర్తి లింగమూర్తి, హాలియా. బాబుగారి పసుపుపచ్చ చొక్కా కుట్టిన టైలరు. తర్వాత డ్రాయరులోంచి గుండ్రటి ముద్ర తీసి దాని పక్కన ఠపీమని కొట్టాడు.

లింగమూర్తి కళ్లజోడు పెట్టుకుని ఆ వరస చదివాడు. మళ్లీ చదివాడు. ముద్ర తడి ఆరేదాకా చూసి, కింద సంతకం పెట్టమంటే పూర్తి పేరుతో పెట్టాడు.

గేటు తెరుచుకుంది. అండాలు అప్పటికే పరుగందుకుంది. మొదటి అల వచ్చి కాళ్లని చుట్టుకోగానే కెవ్వున అరిచి, వెనక్కి తిరిగి నవ్వుతూ చెయ్యి ఊపింది.

“దా అయ్యా! డ్యామ్ చూపిచ్చి సముద్రమన్నవ్, ఎన్ని కోతలు కోసినవ్ నాకు!”

లింగమూర్తి చెప్పులు చేత్తో పట్టుకుని, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నీళ్లలోకి నడిచాడు. నీళ్లు మోకాళ్లు దాటి నడుం దాకా వచ్చాయి. ఒడ్డున ఎవరో విజిల్ ఊదారు. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.